ఎడమ తెడ్డు ఆలస్యం

అయితే మీట నొక్కడానికీ, తెడ్డు నీళ్ళలో పడడానికీ మధ్యనున్న ఆ కాస్త ఖాళీలో తను ఎక్కడ ఉన్నట్టు? నొక్కేశాడు కాబట్టి నొక్కనివాడు కాదు. తెడ్డు పడలేదు కాబట్టి వేసినవాడూ కాదు. నిద్రకీ మెలకువకీ నడుమ ఇలాంటి చోటొకటి ఉంటుంది. అక్కడ మనిషికి పేరుండదు, వయసుండదు, తను ఫలానా వీధిలో మేడ మీద వాటాలో అద్దెకుంటున్నానన్న స్పృహ ఉండదు. వేదాద్రికి ఆ చోటు బాగా పరిచయమే. దారిలో ఎవరైనా "బాగున్నారా?" అని అడిగితే, బాగున్నాడో లేదో లోపలికి వెళ్ళి చూసుకుని వచ్చేసరికి అడిగినవాళ్ళు మలుపు తిరిగిపోయేవారు. కానీ అది మనిషి వ్యవహారం. కంప్యూటరుకి లోపలికి వెళ్ళి చూసుకోవలసిన అవసరం ఏమొచ్చింది?

"ఎయ్యండీ!" స్పీకర్లోంచి నాంచారి గొంతు. "ఎయ్యండీ అంటుంటే!"

"వేశానండీ."

"ఏదీ? నాకు కనపడాలిగా! ఏంటి బాబూ, ఆధార్ కార్డా? రెండువైపులా తియ్యాలా? ఎయ్యండీ!"

తెర మీద వాళ్ళ పడవ ఎడమవైపుకి మళ్ళింది. ఎవరో గుర్తుచేసినట్టు, అప్పుడు ఎడమ తెడ్డు లేచి నీళ్ళలో పడింది. ఈలోపు కుడి తెడ్డు ఇంకోసారి పడింది. పడవ తన చుట్టూ తాను తిరగడం మొదలుపెట్టింది. మిగతా పడవలు జెండాలు ఊపుకుంటూ పక్కనుంచి వెళ్ళిపోయాయి.

ఆ ఆటలో ఒక పడవకి ఇద్దరు మనుషులు. కుడి తెడ్డు ఒకరిది, ఎడమ తెడ్డు ఒకరిది. ఇద్దరూ ఒకే క్షణాన వేస్తే పడవ ముందుకి పోతుంది. లేకపోతే తిరుగుతుంది. ఆటంతా అంతే. కుడి తెడ్డు నాంచారిది. ఆవిడ ఏటి అవతల ఊళ్ళో జిరాక్సు షాపు నడుపుతుంది. ఒక చేత్తో కాగితం పెడుతూ, ఇంకో చేత్తో తెడ్డు వేస్తూ, నోటితో షాపుకొచ్చినవాణ్ణీ వేదాద్రినీ అదిలిస్తూ ఉంటుంది. వేదాద్రి ఆవిడని ఎప్పుడూ చూడలేదు. సాయంత్రం పూట ఆ గొంతు వినపడకపోతే మాత్రం, ఆ రోజుకి సాయంత్రం రాలేదనుకునేవాడు.

"ఇదిగో బాబూ, ఒరిజినల్ మిషన్లోనే వదిలేసి పోతున్నావు!" అని ఎవరినో కేకేసి, ఆవిడ ఇటు తిరిగింది. "వేదాద్రిగారూ, ఏంటండీ ఈ లాగ్, మీ తెడ్డు ఎప్పుడూ ఆలస్యమే! ఇట్లాగైతే కష్టమండీ. ఆదివారం పొద్దున ఆఖరి పందెం. ఆ రోజు కూడా బొంగరంలాగా తిరిగితే నేను ఇంకొకళ్ళని చూసుకుంటా. మా వీధిలో ఇస్త్రీ వీర్రాజు రోజూ అడుగుతున్నాడు. చెయ్యి మంచి చురుకు."

"ఇస్త్రీ చేసేవాడికి చెయ్యి నెమ్మదిగా ఉండాలి కదండీ."

"జోకులకి మాత్రం లాగ్ లేదు మీకు," అని నాంచారి వెళ్ళిపోయింది.

వేదాద్రి కీబోర్డు మీద వేళ్ళు అలాగే ఉంచుకుని కూర్చున్నాడు. వేళ్ళ మీద నేరం మోపడానికి లేదు. ఒకప్పుడు అతను టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపాడు. హయ్యరు పరీక్షకి వెళ్ళే పిల్లలు అతని వేళ్ళని చూడడానికి వచ్చేవారు. సాయంత్రం బ్యాచీ అయిపోయాక ప్రతి మిషనుకీ రెక్సిన్ కవరు తొడిగి, అంచులు లాగి సరిచేసి, అప్పుడు లైటు ఆర్పేవాడు. మిషను ఆయుష్షు కవరులో ఉందని పిల్లలకి మొదటి పాఠంగా చెప్పేవాడు. ఇన్‌స్టిట్యూట్ పోయింది, ఆ నమ్మకం మిగిలింది. ఇంట్లో టీవీ రిమోటు పాలిథిన్ సంచిలో ఉంటుంది. సోఫాకి కొన్ననాటి కవరు ఉంది. కీబోర్డు మీద పల్చని ప్లాస్టిక్ పొర. బల్ల కింద సీపీయూ, షాపువాడు ఇచ్చిన దళసరి పాలిథిన్ కవరులోనే, వైర్లకి మాత్రం వెనక కన్నాలు పెట్టించుకుని, నిన్ననే వచ్చినట్టు మెరుస్తూ ఉంటుంది. ఇంట్లో ఏదీ పాతబడలేదు, తను తప్ప.

అసలు సంగతి వేరే ఉంది. కొన్నాళ్ళ కిందట పందెం మధ్యలో నాంచారి మామూలుగా అన్నట్టే అంది: "మా రేవులో నిజం పడవ ఉందండీ. పందేలయ్యాక ఒకసారి రాకూడదూ? తెడ్డు ఎట్లా వేస్తారో చూపిస్తా." ప్రతి అక్షరం వినపడింది. వినపడగానే అతను లోపలికి వెళ్ళాడు. అక్కడ ఎవరో గబగబా తలుపులన్నీ మూస్తున్నారు. బయటికి వచ్చి, "ఏమన్నారండీ? లాగ్ వచ్చింది," అన్నాడు. "ఏం లేదులెండి," అంది నాంచారి. ఆ క్షణాన అతనికి లాగ్ మీద కృతజ్ఞత లాంటిది కలిగింది. తర్వాత భయపెట్టింది అదే. పోవాలని కోరుకునే జబ్బుకి తనే లోపల్నించి గంజి పోస్తున్నాడేమో!

అయినా ఆదివారం అనేది ఒకటుంది. వీర్రాజు అనేవాడొకడున్నాడు. ఇంటర్నెట్ కంపెనీకి ఫోను చేశాడు.

"సార్, ఆపి ఆన్ చేశారా?" అంది అమ్మాయి.

"చేశానండీ."

"మళ్ళీ చేయండి సార్."

చేశాడు. మొదట బాగానే ఉంది. కాసేపు ఆడాక మళ్ళీ అదే వరస. స్పీడు చూపించే ముల్లు ఆకుపచ్చలోనే ఉంది. "మా వైపు నుంచి స్పీడు వస్తోంది సార్," అంది అమ్మాయి. "అక్కణ్ణించి మీవైపు మీరే చూసుకోవాలి."

తన వైపు చూసుకోవడమంటే ఏమిటో ఆలోచిస్తూ వీధిలో నడుస్తుంటే, గోడ మీద కొత్త బొమ్మ కనపడింది. ఒక పెద్ద గడియారాన్ని ఇద్దరు అధికారులు నవ్వుతూ చెరోవైపునించి తోస్తున్నారు. కింద అక్షరాలు: "ఆలస్యమా? మాకు చెప్పండి. జాప్యరహిత జీవన పథకం." ఆ ఏడాది ఆ పథకం గాలి ఊరంతా వీస్తోంది. వక్తలు మాట్లాడడానికి ముందే కూర్చుంటున్నారు. పెళ్ళిళ్ళలో వడ్డనలు ముహూర్తానికి ముందే అయిపోతున్నాయి.

జాప్య నిర్మూలన విభాగం పాత గోడౌనులో ఉంది. లోపల కొత్త బల్లలు, కొత్త బీరువాలు, కొత్త కంప్యూటర్లు, అన్నిటి మీదా పాలిథిన్ కవర్లు. జాప్యాధికారి విశ్వపతిగారి కుర్చీకి కూడా కవరు తీయలేదు. ఆయన కదిలినప్పుడల్లా కుర్చీ కరకరమంది.

"కూర్చోండి. సదరు జాప్యం ఏ శాఖకి చెందినది?" అన్నాడు విశ్వపతి అలసటగా. "ముందే మనవి చేస్తున్నాను. ప్రభుత్వ కార్యాలయాలలో జరిగేది జాప్యం కాదు, ప్రక్రియ. అవి మా పరిధిలోకి రావు. ఇప్పటిదాకా వచ్చినవన్నీ అవే. ఒక్క అర్హమైన జాప్యం కూడా దొరక్క మా విభాగం ఉనికే ప్రశ్నార్థకంగా ఉంది."

"ఏ శాఖదీ కాదండీ. మా ఇంట్లోది. కంప్యూటర్లో పడవాట ఆడుతుంటే, నొక్కిన తర్వాత ఎప్పటికో గానీ తెడ్డు పడదు."

విశ్వపతి కలం కింద పెట్టాడు. "ప్రభుత్వానికి ఏ విధమైన సంబంధమూ లేదా?"

"లేదండీ."

"కరెంటు?"

"బాగానే ఉంటోందండీ."

"ఎవరైనా గుమాస్తా? సంతకం? ముద్ర?"

"ఆటండీ అది."

విశ్వపతి లేచి నిలబడ్డాడు. కుర్చీ సంతోషంగా కరకరమంది. "స్వచ్ఛమైన ప్రైవేటు జాప్యం!" అన్నాడు. "అయ్యా, మీరు ఇన్నాళ్ళూ ఎక్కడున్నారు?"

వేదాద్రి సమాధానం కోసం లోపలికి వెళ్ళాడు. వచ్చేసరికి ఆయన అప్పటికే టీ చెప్పించి, మర్నాటి తనిఖీకి జీపు ఏర్పాటు చేసి, ఆదివారంలోపు ఈ జాప్యాన్ని అంతమొందిస్తానని ఫోనులో పైవాళ్ళకి మాట ఇచ్చేశాడు.

తనిఖీకి విశ్వపతితోబాటు డాక్టర్ సదానందం వచ్చాడు. ఆయన విభాగానికి మనస్తత్వ సలహాదారు. బక్కగా ఉంటాడు. ఎవరేం చెప్పినా, వాళ్ళు చెప్పనిదాన్ని విన్నట్టు తల ఊపుతాడు.

గుమ్మంలోనే విశ్వపతి ఆగిపోయాడు. కవర్లలో ఉన్న సోఫానీ, రిమోటునీ, సీపీయూనీ చూసి ఆయన కళ్ళు చెమర్చాయి. "చూశారా డాక్టరుగారూ, ప్రభుత్వోద్యోగి కాకపోయినా ఎంత క్రమశిక్షణ! మా విభాగంలో నూతనత్వ పరిరక్షణ నిమిత్తం ప్రత్యేకంగా ఉత్తర్వు ఇవ్వవలసి వచ్చింది."

ఆట పెట్టమన్నారు. పెట్టాడు. మొదట తెడ్డు బాగానే పడింది. విశ్వపతి నిరాశగా చూశాడు. "కాసేపు ఆగాలండీ," అన్నాడు వేదాద్రి తప్పు చేసినవాడిలా. ఆగారు. కొంతసేపటికి తెడ్డు ఆగి ఆగి పడసాగింది.

"ఆహా, వచ్చింది వచ్చింది!" అని విశ్వపతి కిందికి వంగి సీపీయూ కవరు మీద చెయ్యి పెట్టి, చటుక్కున తీసేశాడు. "ఇదేమిటి, దోసెల పెనంలా కాలుతోంది?"

"సహజం," అన్నాడు సదానందం. "కష్టపడే ప్రతిదానికీ ఒళ్ళు వెచ్చబడుతుంది. మనం పైపైన ఆగిపోకూడదు విశ్వపతిగారూ. కారణం ఎప్పుడూ లోతుల్లో ఉంటుంది."

విశ్వపతి సిగ్గుపడి చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

సదానందం వేదాద్రిని కుర్చీ వాల్చి కూర్చోమన్నాడు. తను చప్పట్లు కొట్టగానే బల్ల మీద కొట్టమన్నాడు. రెండు చప్పుళ్ళూ కలిసి ఒక్కటే వినపడింది. "వేళ్ళు నిర్దోషులు," అన్నాడు సదానందం, సెకన్లు లెక్కపెట్టే గడియారం చేతిలోకి తీసుకుంటూ. "ఇప్పుడు నేనడిగేవాటికి తడుముకోకుండా చెప్పాలి. పేరు?"

"వేదాద్రి."

"వృత్తి?"

"డీటీపీ పనులు చేస్తుంటానండీ."

"పెళ్ళి?"

"కాలేదండీ."

"ఆ రెండో తెడ్డు వేసే ఆవిడ మీకేమవుతారు?"

గదిలో పంఖా తిరుగుతోంది. వేదాద్రి లోపలికి వెళ్ళాడు. ఏమవుతుంది? గొంతు అవుతుంది. కుడివైపు అవుతుంది. అది చుట్టరికమేనా? తనకి ఎప్పుడూ ఎడమవైపే ఉంది. రెండోవైపు ఉందని మొదటిసారి తెలిసింది ఆ పడవలోనే. అలాంటిదానికి పేరేమైనా ఉంటుందా, లేక పేరు పెట్టగానే పడవ తిరగడం మొదలుపెడుతుందా?

"తెలిసినావిడండీ," అన్నాడు.

అప్పటికి సదానందం చేతిలోని గడియారం ఆపి, దాన్ని ముద్దు పెట్టుకోబోయి మానుకున్నాడు. "దొరికింది!"

"ఎక్కడ? ఎక్కడ?" విశ్వపతి బల్ల కింద చూశాడు.

"ఇక్కడ." సదానందం వేదాద్రి చొక్కా జేబు వైపు వేలు చూపించాడు. "వైరులో లేదు, యంత్రంలో లేదు. ఈయనే జాప్యం. కంప్యూటరు పాపం, యజమానిని చూసి నేర్చుకుంది."

వేదాద్రికి ఆశ్చర్యం కలగలేదు. ఎప్పటినుంచో తనకి తెలిసిన నేరం ఇవాళ రుజువైనట్టుంది. వెనకటికి పిల్లలు తప్పులు చేస్తే ఎర్రసిరాతో చుట్టేవాడు. ఇప్పుడు తన చుట్టూ ఎవరో నెమ్మదిగా ఆ గీత గీస్తున్నారు. అందులో కొంచెం హాయి కూడా ఉంది. ఇక వెతకనక్కర్లేదు.

"నిర్మూలించడం ఎలా?" అన్నాడు విశ్వపతి.

"బాల్యం నుంచి మొదలుపెట్టాలి."

"ఆదివారంలోపు?"

"బాల్యం ఆదివారంలోపు అవ్వదండీ."

విశ్వపతి గదిలో అటూ ఇటూ తిరిగాడు. పైవాళ్ళకి మాట ఇచ్చేసి ఉన్నాడు. ఉన్నట్టుండి ఆగి వేలెత్తాడు. "మా నియమావళిలో దారి ఉంది. జాప్యాన్ని తొలగించలేనిచోట సమీకరించవలెను. ఒక్కడు వెనకబడితే అది జాప్యం. అందరూ వెనకబడితే అది వేగం. ఈయన ఎంత ఆలస్యమో అవతలివారికీ అంతే ఆలస్యం మంజూరు చేస్తాను. ఉభయుల తెడ్లూ ఒకేసారి పడతాయి. సమస్య సమసిపోయింది!"

ఆ ఆలస్యానికి కొలత కావాలి కదా. సదానందం గడియారం చూపించినంత సేపుని ఒక ప్రమాణంగా తీసుకుని, దానికి 'ఒక వేదాద్రి' అని పేరు పెట్టారు.

మర్నాడు నాంచారి ఫోను చేసింది. అంతవరకు ఆవిడ అతనికి ఫోను చేయలేదు.

"ఏమండీ, ఎవరో ఆఫీసరుట, షాపుకొచ్చి కాయితం ఇచ్చిపోయాడు. నేను దేనికైనా జవాబు చెప్పేముందు ఒక వేదాద్రి ఆగాలిట! ఏంటండీ ఈ గొడవ? జిరాక్సుకి వచ్చినవాళ్ళు 'ఎంతయింది' అంటే నేను గుడ్లప్పగించి నిలబడాలా?"

వేదాద్రి చెప్పడానికి ప్రయత్నించాడు.

"లాగ్ తీయించమంటే నాక్కూడా అంటించారన్నమాట! బావుంది. ఆ కాయితం వెనకవైపు ఖాళీగా ఉంది, దాని మీద రఫ్ కాపీలు తీసుకుంటున్నా. చూడండీ, నాకు ఆగడం తెలీదు. మీరు నా స్పీడుకి రావాలిగానీ నన్ను ఆపితే ఎట్లా?" కాస్త ఆగి, గొంతు తగ్గించి అంది: "మీ పేరు పెట్టారేంటి దానికి? ఇంకేం దొరకలేదా?"

ఆవిడకి కోపమొచ్చింది తన ఆలస్యం మీదా, తన పేరుకి జరిగినదాని మీదా? వేదాద్రి ఆ తేడా గురించి ఆలోచిస్తుంటే, అవతల ఫోను పెట్టేసిన చప్పుడైంది.

నాంచారి ఒక్కతీ మాట వినకపోవడం విభాగాన్ని నిరుత్సాహపరచలేదు. ఒక వ్యక్తి నిరాకరించినప్పుడు ప్రజలందరినీ ఒప్పించడమే మార్గమని విశ్వపతి నిర్ణయించాడు. పట్టణమంతా సమాన జాప్యం అమల్లోకి వచ్చింది. ప్రశ్నకి సమాధానానికి మధ్య, ఈలకి బస్సుకి మధ్య, చెయ్యి చాచడానికి వస్తువు ఇవ్వడానికి మధ్య ఒక వేదాద్రి పాటించవలెను. పిల్లలకి అర వేదాద్రి. కూడలిలో ఆకుపచ్చ దీపం వెలిగాక అందరూ ఒక వేదాద్రి దీపాన్ని చూస్తూ కూర్చున్నారు. అంతలో ఎర్రదీపం వెలిగింది. దానికి స్పందించడానికి ఇంకో వేదాద్రి పట్టింది కాబట్టి ఆ సమయంలో అందరూ కదిలారు. క్షేమంగానే దాటారు.

వీధి చివర టీకొట్టు మస్తాను దగ్గరికి వెళ్ళి వేదాద్రి, "ఒక టీ," అన్నాడు. మస్తాను గరిట పైకెత్తి, అతని మొహంలోకి అలా చూస్తూ నిలబడ్డాడు. టీ పొంగి పొయ్యి మీద పడింది.

"పొంగుతోంది మస్తానూ."

ఒక వేదాద్రి గడిచింది. "అవునండీ," అన్నాడు మస్తాను. పొయ్యి తగ్గించాడు. "మీరేగా ఆ వేదాద్రి? మీ పుణ్యమా అని రోజూ సగం పాలు పొయ్యికే పోస్తున్నా. అయితే ఒకటి లెండి. ఇన్నేళ్ళుగా వస్తున్నారు, మీ ఎడమ కంటి కింద పుట్టుమచ్చ ఉందని ఇప్పుడే చూశా."

అది నిజమే. ఆ విరామంలో జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకోవలసి వస్తోంది. వేరే పని లేదు. కింది వాటాలో మొగుడూ పెళ్ళాల పోట్లాట సగంలో ఆగిపోతోంది. ఎదురు మాట అనే వంతు వచ్చేసరికి ఏమనాలనుకున్నారో మర్చిపోతున్నారు. ఒక్క పిల్లులే ఈ పథకంతో పూర్తిగా బాగుపడ్డాయి. వాటికి ఉత్తర్వు అందలేదు. చేపలమ్మే మనిషి బుట్ట పక్కన కర్ర ఎత్తి ఒక వేదాద్రి నిలబడుతుంటే, అవి తీరిగ్గా ఏరుకుని వెళుతున్నాయి.

వారాంతానికి విభాగం ప్రకటించింది: పట్టణంలో జాప్యం పూర్తిగా అంతరించింది. ఎవరూ ఎవరికన్నా ఆలస్యంగా లేరు. ఇందుకు కారకుడైన పౌరుణ్ణి ఆదివారం పొద్దున టౌనుహాలులో సన్మానించెదరు.

"ఆదివారం పొద్దున పందెం ఉందండీ," అన్నాడు వేదాద్రి.

విశ్వపతి నియమం ప్రకారం ఆగి, తర్వాత జాలిగా నవ్వాడు. "ఆ పందెంలో జాప్యం అనే సమస్యని మనం పరిష్కరించేశాం కదా. ఇంకా ఆడడం దేనికి?"

వేదాద్రికి వెంటనే జవాబు దొరకలేదు. దొరకనందుకు విశ్వపతి అతని భుజం తట్టి మెచ్చుకున్నాడు.

ఆదివారం టౌనుహాలు నిండింది. వేదిక మీద వేదాద్రిని మధ్యలో కూర్చోబెట్టారు. కుర్చీకి కవరుంది. మైకుకి కవరుంది. దాంతో ప్రతి ఉపన్యాసమూ దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టుంది. సదానందం లేచి, "మనిషి తన ఆలస్యాన్ని దాచుకోవడం మానేసి సమాజానికి అంకితం చేయడం" గురించి వివరించాడు. జనం ఒక వేదాద్రి ఆగి చప్పట్లు కొట్టారు. విశ్వపతి శాలువా తెచ్చాడు. "నూతనత్వం చెడకుండా," అంటూ దాన్ని పాలిథిన్ కవరుతో సహా అతని భుజాల చుట్టూ కప్పాడు. అది ఒంటికి అతుక్కుంది. లోపల చెమట పట్టసాగింది.

ఇంత మంది తన పేరుతో ఆగుతున్నారు. తన లోపల ఉండే ఆ గది, తలుపులు మూసుకునే ఆ ఖాళీ, ఇప్పుడు ఊరంత అయింది. అందరూ అందులోనే నిలబడి ఉన్నారు. అయినా అక్కడ ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పడం లేదు. అంత పెద్ద గదిలో ఒక్క కిటికీ అయినా ఉంటే బాగుండును. ఆలస్యం అందరిదీ అయిపోతే అది ఆలస్యం కాదంటాడు విశ్వపతి. మరి ఏటి అవతల ఒకావిడ ఒక చేత్తో తెడ్డు పట్టుకుని కూర్చుంటే? అది ఏ ప్రమాణంలో కొలుస్తారు?

జేబులో ఫోను మోగింది.

"ఎక్కడున్నారండీ?" నాంచారి. వెనక పందెం ముందు వాయించే బాజా వినపడుతోంది. "పడవలన్నీ వరసలో పెట్టేశారు. మీ తెడ్డు ఖాళీగా ఉంది. వీర్రాజు ఇక్కడే నిలబడున్నాడు. కూర్చోమననా, వద్దా? ఒక్క మాట చెప్పండి."

"వద్దు," అన్నాడు వేదాద్రి.

తనే ఉలిక్కిపడ్డాడు. ఆ మాట లోపలికి వెళ్ళకుండానే బయటికి వచ్చేసింది.

"వద్దంటే త్వరగా రండి మరి!"

అతను లేచాడు. వేదిక దిగి నడిచాడు. సన్మానం అందుకునేవాడే వెళ్ళిపోతున్నాడని హాలంతా చూసింది. ఆపాలని అందరికీ తోచింది. కానీ ఆపేముందు అందరూ ఒక వేదాద్రి పాటించవలసి ఉంది. విశ్వపతి చెయ్యి గాలిలో ఎత్తి, నోరు తెరిచి, నియమానికి కట్టుబడి నిలబడిపోయాడు. తలుపు దగ్గర బంట్రోతు కూడా అంతే. వాళ్ళు కదిలేసరికి వేదాద్రి ఆటోలో ఉన్నాడు. వాళ్ళ జీపు కూడలిలో ఆకుపచ్చ దీపాన్ని చూస్తూ ఆగిపోయింది.

మేడ మెట్లెక్కి వచ్చి, పొద్దున్నే ఆన్ చేసి ఉంచిన కంప్యూటరులో ఆట తెరిచేసరికి ఒళ్ళంతా ఉడికిపోతోంది. శాలువా కవరు మెడకి అతుక్కుని ఊపిరాడనివ్వడం లేదు. స్పీకర్లో నాంచారి, "వచ్చారా? బాజా అయిపోవస్తోంది, వచ్చారా?" అంటోంది. "వచ్చానండీ," అని అతను కవరు పట్టి లాగాడు. చప్పున చిరిగింది. మెడ మీద గాలి తగిలింది. ఒక్క క్షణం అలా కళ్ళు మూసుకున్నాడు. ఎంత హాయి! ఒంట్లోంచి జ్వరం దిగినట్టు.

కళ్ళు తెరిచి, బల్ల కిందికి చూశాడు.

అక్కడ అది, నిన్ననే వచ్చినట్టు మెరుస్తూ, తన కవరులో ఉంది. లోపల ఎక్కడో చిన్న పంఖా గింజుకుంటున్న చప్పుడు. ఎన్నాళ్ళుగానో ఆ చప్పుడు వింటూనే ఉన్నాడు, అది గాలి అడగడమని తెలియలేదు. బయట పెద్ద పంఖా తిరుగుతోంది. రెంటికీ మధ్య ఆ పాలిథిన్ మెరుపు.

చెయ్యి చాచాడు. చెయ్యి మళ్ళీ ఆగింది. ఇది తీసేస్తే దుమ్ము పడుతుంది, పాతబడుతుంది. అది సరే. తెడ్డు వెంటనే పడుతుంది. వెంటనే పడితే, ఇక ఎవరేం అడిగినా "లాగ్ వచ్చింది" అనడానికి ఉండదు. ఇన్నాళ్ళూ కప్పి ఉంచినది దేన్నో అతనికి ఇప్పుడు తెలిసింది.

"ఏంటండీ చప్పుడు? కరకరమని?" అంది నాంచారి. "ఏమన్నా తింటున్నారా పందెం పూట?"

"కవరండీ," అన్నాడు వేదాద్రి. బల్ల కింద మోకాళ్ళ మీద ఉన్నాడు. పాలిథిన్ దళసరిది, వెనక కన్నాల దగ్గర మొదలుపెట్టి పైదాకా చింపాడు. వేడి గాలి మొహాన కొట్టింది. లోపలి చిన్న పంఖా ఒక్కసారి గట్టిగా ఊపిరి తీసుకుని, తర్వాత నెమ్మదించింది. "చింపేశాను. నాంచారిగారూ..."

"ఊఁ?"

"ఆ రోజు మీరు రేవులో పడవ గురించి అడిగింది, నాకు వినపడింది. అప్పుడే వినపడింది. వస్తాను."

అవతల ఏ చప్పుడూ లేదు. జిరాక్సు మిషను కూడా ఆగినట్టుంది. ఎవరో, బహుశా వీర్రాజు, దగ్గాడు. మొదటిసారిగా ఆలస్యం అటువైపు నుంచి వచ్చింది. వేదాద్రి దాన్ని కొలవలేదు.

"సరే," అంది నాంచారి. వెంటనే, "ఎయ్యండీ!" అంది.

అతను మీట నొక్కాడు.